సగం చదివిన గ్రహణం

మా అమ్మ కళ్ళు గ్రహణం వల్ల పాడయ్యాయని మా పేటలో అందరూ అనుకున్నారు. ఇప్పటికీ అలా అనేవాళ్ళున్నారు. కానీ గ్రహణం అందరి నెత్తిమీదా ఒక్కలాగే పట్టింది. అమ్మ కళ్ళు పాడవడానికి కారణం నేను. ఒక పుస్తకంలోని ఒక పేజీని సగం మాత్రమే పైకి చదివి, మిగతా సగం మింగేశాను.

మాది రాజోలుకి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. ఊరి చివర పేటలో, చర్చికి రెండిళ్ళ అవతల మా ఇల్లు. నేను మూడో తరగతిలో ఉండగా నాన్న జ్వరంతో పోయాడు. మా వాళ్ళందరివీ కూలి బతుకులే. అమ్మ కూడా చాలా ఏళ్ళు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళింది. నాన్న పోయాక లేసు పని పట్టుకుంది. మా వైపు ఇంటింటా ఆడవాళ్ళు చేసే పని అది. తెల్లదారం బంతి ఒళ్ళో పెట్టుకుని, చివర చిన్న కొక్కెం ఉన్న సూదితో ముడి మీద ముడి వేసుకుంటూ పోతే బల్లల మీద పరిచే గుడ్డలూ దిండ్ల అంచులూ తయారవుతాయి. ఏజెంటు వచ్చి వాటిని పట్టుకెళ్ళేవాడు. ఎక్కడో విదేశాల్లో అమ్ముతారని చెప్పేవాడు. అమ్మ అల్లిన పువ్వుకి పన్నెండు రేకులంటే పన్నెండే, ఒక రేకు పెద్దదీ ఒకటి చిన్నదీ ఉండేది కాదు. ఆ లేసుతోనే నన్ను అమలాపురం కాలేజీలో బీయెస్సీ చదివించింది.

డెబ్భైల మధ్యలో, ఆ కాలేజీ రోజుల్లోనే నాకా పుస్తకం దొరికింది. అమలాపురంలోని శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిపోయి, మొదటి నాలుగు పేజీలు లేకుండా ఉంది. ఎవరు రాశారో తెలియదు. పూర్వం మనుషులు ఆకాశాన్ని ఎలా చూసేవారన్న దగ్గర మొదలై, భూమిని ఢీకొట్టగల రాళ్ళ దాకా వెళ్ళే పుస్తకం. బస్టాండులో బెంచీ మీద కూచుని తెరిచాను. సూర్యుడి వెలుగు మన దగ్గరికి రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని ఉంది. అంటే ఇప్పుడు నేను చూస్తున్న ఎండ ఎనిమిది నిమిషాల కిందటిది. కొన్ని నక్షత్రాల వెలుగైతే మన తాతముత్తాతలు పుట్టకముందు బయల్దేరిందట. నాకు ఒళ్ళు జలదరించింది. తల ఎత్తి చూస్తే నేను ఎక్కాల్సిన బస్సు మలుపు తిరుగుతోంది.

చివరి అధ్యాయం ఇంకా భయపెట్టింది. రష్యాలో ఎక్కడో ఆకాశం నుంచి వచ్చిన ఒక రాయి గాలిలోనే పేలిపోతే అడవికి అడవే అగ్గిపుల్లల్లా పడిపోయిందట. అలాంటివి ఇంకా తిరుగుతూనే ఉన్నాయట. ఆ రోజు పంటు మీద గోదావరి పాయ దాటుతూ, పంటులో ఉన్న సైకిళ్ళనీ, అరటిగెలల్నీ, కబుర్లు చెప్పుకుంటున్న మనుషుల్నీ చూస్తుంటే, వీళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు గదా అనిపించింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఆవిడ సూది ఆపలేదు.

"ఎప్పుడొస్తుందంటావు ఆ రాయి?"

"తెలీదు. రేపు రావచ్చు, లక్ష సంవత్సరాలకి రావచ్చు."

"అయితే ఈ దిండంచు పూర్తి చేసుకోవచ్చు. శుక్రవారానికి ఇయ్యాలి," అంది.

ఆ పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు తెచ్చుకున్నానో లెక్కలేదు. గడువు అయిపోగానే తిరిగి ఇచ్చి, మళ్ళీ నా పేరు మీదే రాయించుకునేదాన్ని. అమ్మ అల్లుకుంటుంటే పక్కన కూచుని పైకి చదివేదాన్ని. ఒకరోజు మొదటి అధ్యాయం చదువుతున్నాను. ఈజిప్టులో పూర్వం ఒక నక్షత్రం పొద్దుటిపూట కనిపించగానే నదికి వరద వస్తుందని గుర్తు పెట్టుకునేవారని అందులో ఉంది.

"మేమూ అంతే గదమ్మా," అంది అమ్మ. "ఊడ్పుల్లో పిల్లలకోడి కొబ్బరిమొవ్వ ఎక్కిందంటే లేచి అంబలి కాచుకునేవోళ్ళం. అది నెత్తి మీదకొచ్చేసరికి చేలో ఉండాలి. ఆలస్యమైతే ఆ పూట పని లేదు."

పిల్లలకోడి అంటే గుత్తిగా కనిపించే ఆ చిన్న చుక్కలు. కృత్తికలని పుస్తకంలో బొమ్మ వేసి చూపించినా, నేను ఆకాశంలో వెతుక్కుని గుర్తుపట్టలేకపోయినవి. నేను నిర్ఘాంతపోయాను. ఇంట్లో గడియారం లేని ఆడదానికి ఆకాశం గడియారమన్న ఊహే నాకు ఎప్పుడూ రాలేదు. పద్నాలుగేళ్ళు చదువుకున్నదాన్ని, నాకు తెలియని ఆకాశం ఆవిడకి తెలుసు. కానీ ఆవిడ మాత్రం ఆ రోజునుంచి నా పుస్తకాన్ని ఇంకా ఎక్కువ నమ్మడం మొదలుపెట్టింది. తను చూసినదాన్నే ఎవరో అచ్చు వేశారంటే, అందులో మిగతావన్నీ కూడా నిజమే అయ్యుండాలి అనుకుంది.

బీయీడీ అయ్యాక మా ఊరికి దగ్గర్లో ఉన్న హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఆ మరుసటేడే స్కైలాబ్ భయం వచ్చింది. అమెరికావాళ్ళు ఆకాశంలో పెట్టిన ప్రయోగశాల కూలి నేలమీద పడుతుందని రేడియో చెప్పింది. మా పేటలో కోళ్ళు కోసుకుని తినేసినవాళ్ళున్నారు. ఎలాగూ పోతాం గదా అని పందిట్లో కూచుని పాటలు పాడుకున్నవాళ్ళున్నారు. నన్ను అడిగారు. భూమిమీద ముప్పాతిక వంతు నీళ్ళేనండీ, మన మీదే పడటం లాటరీ తగలడం లాంటిది అని చెప్పాను. అది సముద్రంలోనూ, ఆస్ట్రేలియాలోనూ పడింది. మా మీద పడలేదు. ఆ రోజునుంచి పేటలో నా మాటకి విలువ వచ్చింది. ఎదురింటి పెద్దమ్మ కూడా "టీచరమ్మ చెప్పిందంటే అంతే" అనడం మొదలుపెట్టింది. నేను దానికి పొంగిపోయానని ఒప్పుకోవాలి.

ఆ మరుసటేడు, ఎనభైలో, ఫిబ్రవరిలో సూర్యగ్రహణం.

మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడని పేపర్లో వేశారు. మా కోనసీమ ఆ దారికి పక్కన ఉండిపోయింది. మాకు గోరంత సూర్యుడు మిగులుతాడు. నాకు చెప్పలేనంత నిరాశ. అయినా పిల్లలకి పాఠం తయారుచేసుకున్నాను. పుస్తకంలో గ్రహణం గురించిన పేజీ నాకు అన్నిటికన్నా ఇష్టం. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ రెండు మూడు నిమిషాలూ చుట్టూ తెల్లటి కిరీటం కనిపిస్తుందనీ, ఆ కాసేపూ ఉత్త కళ్ళతోనే చూడొచ్చనీ అందులో ఉంది. ఆ కిందనే ఇంకో మాట కూడా ఉంది. అది ఆ దారిలో నిలబడ్డవాళ్ళకి మాత్రమేననీ, మిగతాచోట్ల గోరంత సూర్యుడు మిగిలినా చూస్తే కళ్ళు కాలతాయనీ.

ఆ వారమంతా సాయంత్రాలు ఆ పేజీ పైకి చదివాను. కిరీటం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచేదాన్ని. ఆ కింది మాట దగ్గర ఆగిపోయేదాన్ని. మనకి దక్కని దాని గురించి అంత అందంగా చదివి, మనకి మాత్రం కాదు అని ముగించడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది.

హెడ్మాస్టరు గారు పిల్లలకి గ్రహణం చూపించడానికి ఒప్పుకోలేదు.

"మీరు చదివింది నిజమే అయ్యుండొచ్చండి టీచరుగారూ," అన్నారాయన. "కానీ రేపు ఎవరి పిల్లాడి కంట్లో నలుసు పడినా గ్రహణం వల్లే అంటారు. నావల్ల కాదండి. ఆ రోజు బడి లేదు, ఎవరిళ్ళల్లో వాళ్ళుంటారు."

పిరికివాడని మనసులో అనుకున్నాను. స్టాఫ్ రూములో ఊళ్ళోవాళ్ళ భయాల గురించి చెప్పి నవ్వాను కూడా.

గ్రహణం రోజు మధ్యాహ్నానికే ఊరంతా తలుపులు వేసుకుంది. చర్చికి వెళ్ళే మా పేటవాళ్ళు కూడా, మాకు మైల పట్టింపులు లేవంటూనే, కిటికీలకి దుప్పట్లు కట్టారు. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. మా ఇంటి ముందు తాటాకు పందిరి కింద అమ్మా నేనూ. కిరోసిన్ దీపం మీద పట్టి మసి పూసిన గాజుముక్క ఒకటి అమ్మకిచ్చాను. అప్పట్లో అందరూ చెప్పేది అదే. అది కూడా సరైంది కాదని తర్వాతెప్పుడో తెలిసింది.

రెండున్నర దాటాక సూర్యుడి అంచు కొరికినట్టయింది. అమ్మ గాజులోంచి చూసి, "నిజమే," అంది. గంట గడిచేసరికి ఎండ రంగు మారిపోయింది. సాయంత్రపు ఎండలా పసుపు కాదు, ఏదో సత్తుగిన్నె మీద పడిన వెలుగులాంటిది. గాలి చల్లబడింది. కాకులు గూళ్ళకి మళ్ళాయి. అప్పుడు నేల మీద చూశాను. తాటాకుల సందుల్లోంచి రోజూ గుండ్రంగా పడే ఎండ చుక్కలన్నీ సన్నటి నెలవంకలైపోయాయి. అలికిన నేలమీద వందల నెలవంకలు. ఆరేసిన లేసుగుడ్డ మీద, అమ్మ భుజం మీద, నా అరచేతిలో. పుస్తకంలో ఇది లేదు. ఎవరూ నాకు చెప్పలేదు. వంగి, గచ్చకాయలు ఏరుకునే పిల్లలా ఆ వెలుగులో చేతులు పెట్టి తిప్పుతూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. అయిదు నిమిషాలు కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

అమ్మ నా వెనకే, పందిరి అవతల నిలబడి ఉంది. నేను నేలవైపు చూస్తున్నంతసేపూ ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది.

ఆ సాయంత్రం అమ్మ మామూలుగానే ఉంది. మర్నాడు ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకం తెరిచి, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తల తిప్పి చూసి, మూసేసింది. పాటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు గనక నేను పట్టించుకోలేదు. బుధవారం నేను బడినుంచి వచ్చేసరికి ఏజెంటు వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో గుండ్రటి లేసుగుడ్డ.

"ఇది మీ అమ్మగారు అల్లిందేనాండి? ఎవరైనా నేర్చుకునే పిల్ల అల్లిందాండి?" అని అడిగాడు.

చేతిలోకి తీసుకున్నాను. పువ్వుకి తొమ్మిది రేకులున్నాయి. రెండు ముడులు జారిపోయి చిల్లు పడింది. ఇంకోచోట దారం ఉత్తినే చిక్కుపడి ఉంది. ఆ గుడ్డ పట్టుకునే లోపలికి వెళ్ళాను. అమ్మ గోడకి చేరబడి, సూదిని వేలికొనతో తడుముకుంటూ కూచుంది.

"అమ్మా, ఏమైంది?"

"ఏం లేదమ్మా. ఎటు చూసినా మధ్యలో బొత్తామంత మచ్చ కనపడతాంది. చూసినచోటే ఉంటాంది. పక్కన అంతా బానే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"శనివారం నుంచి. తగ్గిపోద్దిలే అనుకున్నా."

"గాజు లేకుండా చూసేవా?"

"ఆ గాజులోంచి వత్తిలా ఎర్రగా కనపడిందమ్మా. కిరీటం కనపడలేదు. బాగా చీకటి పడినట్టయింది గదా, మూసుకుపోయిందేమో అనుకుని తీసేసేను."

"ఎవరు చెప్పేరమ్మా నీకు, తీసేయొచ్చని?"

ఆవిడ నావైపు తిరిగింది. నా ముఖం మీద కాకుండా నా చెవి పక్కన ఎక్కడో చూస్తూ, తప్పు పట్టే స్వరం కాదు, గుర్తు చేస్తున్నట్టు అంది. "నువ్వే గదమ్మా చదివేవు."

వారంపాటు చదివాను. గొంతు పెంచి మరీ చదివాను. నేను ఆవిడ పక్కనే కూచున్నాను. ఏడుపు కూడా రాలేదు. వాకిట్లోంచి ఏజెంటు "మళ్ళీ వస్తానండి" అనడం, సైకిలు స్టాండు తీయడం వినిపించాయి.

మర్నాడు పంటు దాటి అమలాపురం వెళ్ళాం. కళ్ళ డాక్టరు గారు మా ఇద్దరి వివరాలూ అడిగి రాసుకుని, గది చీకటి చేసి, చిన్న దీపం పట్టుకుని అమ్మ కళ్ళలోకి చాలాసేపు చూశారు.

"గ్రహణం చూసేరా అమ్మా?"

"ఆయ్, చూసేనండి."

"అన్నీ తెలిసిన టీచరమ్మ ఇంట్లో ఉండి కూడానా? ఎవరు చూడమన్నారు మిమ్మల్ని?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. "ఎవరూ అనలేదండి. మా అమ్మాయి వద్దనే చెప్పిందండి. నేనే, ముసలిదాన్ని, ఉండబట్టలేక చూసేనండి."

అమ్మ అబద్ధం చెప్పడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. చర్చిలో అందరిముందూ సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక చిన్నమాట అటూ ఇటూ అయితే మళ్ళీ లేచి దిద్దుకునే మనిషి. ఆవిడ నోట అంత తేలిగ్గా, తడుముకోకుండా ఆ అబద్ధం రావడం విని నాకు ముందురోజు కన్నా ఎక్కువ దెబ్బ తగిలినట్టయింది.

"కాదండి," అన్నాను. "నేనే తప్పు చెప్పేనండి."

డాక్టరు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. తప్పెవరిదో తేల్చలేదు. కంటి వెనక తెరలాంటిది ఉంటుందనీ, సరిగ్గా మధ్యలో అది కాలిందనీ, కాలేటప్పుడు నొప్పి తెలియదనీ, అందుకే మనుషులు చూస్తూ ఉండిపోతారనీ చెప్పారు. మందు లేదు. కొన్ని నెలల్లో కొంత రావచ్చు, రాకపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "అంత చిన్నగా మిగిలేడు గదమ్మా సూర్యుడు. అంత చిన్నోడు ఇంత పని చేస్తాడనుకోలేదు," అంది. నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు అంది.

ఊళ్ళో దిగగానే నాకు ఇంకో భయం పట్టుకుంది. బడిలో కూడా నేను ఆ సగం పేజీయే చదివాను. ఎంతమంది పిల్లలు విన్నారో. అమ్మని ఇంట్లో దింపి, చేతిలో సంచి కూడా దింపకుండా నా క్లాసు పిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్ళాను. తలుపు తట్టి, మీ పిల్లలు గ్రహణం చూశారా అని అడిగాను. నా ముఖం చూసి వాళ్ళు భయపడ్డారు. నేను తిట్టడానికి వచ్చాననుకున్నారు కొందరు.

"చూణ్ణివ్వలేదమ్మా," అంది ఎదురింటి పెద్దమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "నువ్వు చూడొచ్చనే చెప్పేవంట, మా మనవరాలు చెప్పింది. కానీ మాకు ధైర్యం చాల్లేదు. మంచం కింద కూచోబెట్టేం. ఏమనుకోకు."

అన్ని ఇళ్ళల్లోనూ అదే. ఒక్కరు కూడా చూడలేదు. ఏ భయాన్ని చూసి నేను స్టాఫ్ రూములో నవ్వానో ఆ భయమే నా క్లాసు మొత్తాన్ని కాపాడింది. పెద్దమ్మ అరుగు మీద కూచుని, అప్పుడు ఏడ్చాను. ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

హెడ్మాస్టరు గారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను ముందే చెప్పలేదా" అని మాత్రం అనలేదు.

"పిల్లలకి మీరే చెప్పండమ్మా," అన్నారు. "నేను చెబితే బెదిరించినట్టుంటుంది."

పదో తరగతి పిల్లల ముందు నిలబడి పేజీ మొత్తం చదివాను. ఆ కింది మాటతో సహా. మా అమ్మ సంగతి కూడా చెప్పాను. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "అయితే పుస్తకం తప్పు చెప్పిందాండీ?" అని అడిగింది.

"లేదు. పుస్తకం సరిగ్గానే చెప్పింది. నేను ఆపేసేను."

వానాకాలం వచ్చేసరికి అమ్మ కుడికంట్లో మచ్చ పలచబడింది. ఎడమకంట్లో అలాగే ఉండిపోయింది. సన్నదారం పని మానేసి, లావుదారంతో వేళ్ళ గుర్తు మీద అల్లడం నేర్చుకుంది. పువ్వులు మానేసి గళ్ళు అల్లేది. నా జీతంతో ఒక గేదెని కూడా కొనుక్కున్నాం. మనిషితో మాట్లాడేటప్పుడు ముఖం కాస్త పక్కకి తిప్పి చూడటం అలవాటైంది. కొత్తవాళ్ళు ఆవిడకి తమమీద కోపమేమో అనుకునేవారు. నేను ఆ పుస్తకాన్ని గ్రంథాలయంలో తిరిగి ఇచ్చేసి, నాలుగైదేళ్ళు ఆకాశం గురించిన ఏ పుస్తకమూ ముట్టలేదు.

ఎనభై ఆరులో హేలీ తోకచుక్క వచ్చింది. డెబ్భై ఆరేళ్ళకోసారి వచ్చేది. మార్చిలో తెల్లవారుజామున ఆగ్నేయంగా కనపడుతుందని పేపర్లో వేశారు. నేను చూద్దామనుకోలేదు. అమ్మే లేపింది.

"చుక్క చూస్తే కళ్ళు కాలవు గదా?"

"కాలవు. కాలవని ఈసారి మూడుచోట్ల చదివేను."

"మరి లే."

కాలవగట్టు మీదికి వెళ్ళాం. కొబ్బరితోటల పైన ఆకాశం నల్లగా, శుభ్రంగా ఉంది. నేను పేపరు ముక్కలోని బొమ్మ గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో చుక్కనే సూటిగా చూసుకుంటూ పోయాను. ఏమీ కనపడలేదు. ఇది కూడా మనకి కాదేమో అని వెనక్కి తిరగబోయాను.

"అదిగో," అంది అమ్మ. ముఖం పక్కకి తిప్పి, దక్షిణం వైపు చూస్తున్నదానిలా నిలబడి, చెయ్యి మాత్రం ఆగ్నేయానికి చాపింది. "దూదిపింజలా ఉంది. పైకి పొగ లేచినట్టుంది."

చెయ్యి చూపినచోట సూటిగా చూశాను. లేదు. ఆవిడలాగే ముఖం తిప్పి, కంటికొసతో చూశాను. ఉంది. మసకమసకగా, తోకతో సహా. సూటిగా చూస్తే మాయమవుతోంది, పక్కకి చూస్తే వస్తోంది. కాలవగట్టు మీద అలాగే నిలబడిపోయాను. ఆకాశాన్ని చూడటమే పనిగా పెట్టుకున్నవాళ్ళు మసక వస్తువుల్ని అలాగే ఓరగా చూస్తారని, కంటి అంచులకే పలచని వెలుగు బాగా తెలుస్తుందని ఆ తర్వాత చదివాను. అమ్మకి జరిగినదానికి ఇది బదులని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ ఆరేళ్ళుగా లోకమంతటినీ అలా చూస్తోంది, ఇంకోలా చూడలేక.

"ఇదేనా, డెబ్భై ఆరేళ్ళకి వచ్చేది?" అంది.

"ఇదే."

ఇంకాసేపు చూసింది. "చిన్నదే," అని, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పాలకేంద్రానికి టైమవుతోంది, గేదెని పితకాలి అంటూ గట్టు దిగింది. నేను తెల్లారేదాకా అక్కడే ఉన్నాను.